సెలవు దాటిన జవాను వేరు, పారిపోయిన జవాను వేరు



ఈ వారం మినుములో పల్లాకు తెగులు గురించి రాస్తానన్నాను. అది వచ్చే వారం రాస్తా, ఏమీ అనుకోకండి. ముందు ఇది చదవండి. ముఖ్యంగా పిల్లాడు మిలటరీలో ఉన్న ఇళ్లవాళ్లు, అల్లుడు మిలటరీలో ఉన్న ఇళ్లవాళ్లు ఓపిగ్గా చివరిదాకా చదవండి. పోస్టు పెద్దదే.

తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం సంగతి మీకందరికీ తెలుసు. అక్కడ ఇంటికో సైనికుడు. మన ఊళ్లు అంత కాకపోయినా, శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఏ ఊరు చూసినా నలుగురైదుగురు జవాన్లు ఉంటారు. ఆ పిల్లలు సెలవుకి ఎప్పుడొస్తారు? నాట్లప్పుడు, కోతలప్పుడు, పెళ్లిళ్లప్పుడు. సెలవు అయిపోయే రోజుకి ఇంట్లో పని అయిపోదు. "ఇంకో వారం ఉండి పోరా" అని అమ్మ అంటుంది. కథ అక్కడ మొదలవుతుంది.

మన రచ్చబండ దగ్గర తిరిగే మాట ఏంటంటే, "30 రోజులు దాటితే భగోడా కింద రాసేస్తారు. ఇక వెళ్తే జైలే. వెళ్లకుండా దాక్కుంటే కొన్నాళ్లకి వాళ్లే మర్చిపోతారు." ఇందులో ఒక్క ముక్క కూడా సరైంది కాదు. నేను 17 ఏళ్లు ఆ యూనిఫాం వేసుకుని వచ్చి ఇప్పుడు నాలుగెకరాలు చేసుకుంటున్నవాణ్ణి. ఆఫీసులో క్లర్కుల పక్కన కూర్చుని ఈ కాగితాలు ఎలా కదులుతాయో చూసినవాణ్ణి. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

పాతకాలంలో మన ఇళ్లలో పాలేర్లు ఉండేవాళ్లు గుర్తుందా? ఒకడు జాతరకి వెళ్లి వస్తానని చెప్పి రెండ్రోజులు ఆలస్యంగా వచ్చేవాడు. తిట్టేవాళ్లం, రెండ్రోజుల గింజలు తగ్గించేవాళ్లం, మళ్లీ పనిలోకే దిగేవాడు. ఇంకొకడు రాత్రికి రాత్రి పెట్టె సర్దుకుని వెళ్లిపోయేవాడు. ఇద్దరూ పొద్దున పశువుల కొట్టంలో కనపడనివాళ్లే. కానీ ఒకడి పెట్టె ఇంకా మన ఇంట్లోనే ఉంది. రెండోవాడి పెట్టె లేదు. మిలటరీ చట్టంలో తేడా కూడా సరిగ్గా ఇదే. ఆ పెట్టె పేరు ఉద్దేశం.

మన ఆర్మీ యాక్టు 1950 నాటిది. అందులో 38వ సెక్షన్ డిజర్షన్, అంటే సైన్యం వదిలి పారిపోవడం. 39వ సెక్షన్ సెలవు లేకుండా గైర్హాజరు. యూనిట్లలో దీన్ని ఏడబ్ల్యూఎల్ అంటారు. సెలవుకి వచ్చి గడువు దాటిపోతే ఓఎస్ఎల్ అంటారు, అదీ 39 కిందకే వస్తుంది. విచిత్రం ఏంటంటే, డిజర్షన్ అంటే ఏమిటో ఆ చట్టం ఎక్కడా విడమరిచి చెప్పలేదు. 1981 నాటి కెప్టెన్ వీరేంద్ర కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా గురించి మాట్లాడింది. తిరిగి రాకూడదన్న ఉద్దేశం ఉంటేనే డిజర్షన్, లేకపోతే గైర్హాజరు. ముఖ్యమైన డ్యూటీ తప్పించుకోవాలని పోయినా డిజర్షనే. ఫ్రంటుకి వెళ్లమని ఆర్డర్ వచ్చాక మాయమైతే, నాలుగు రోజులకే వెనక్కి వచ్చినా, అనుమానం అటే పోతుంది.

శిక్షల్లో తేడా చూడండి. గైర్హాజరుకి ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. డిజర్షన్‌కి మామూలు పరిస్థితుల్లో ఏడేళ్ల దాకా. యాక్టివ్ సర్వీసులో ఉండగా పారిపోతే మరణశిక్ష దాకా వేయొచ్చని చట్టం. యాక్టివ్ సర్వీసంటే యుద్ధం జరుగుతున్నప్పుడే అనుకోకండి. ఫలానా ప్రాంతంలో పనిచేసేవాళ్లు యాక్టివ్ సర్వీసులో ఉన్నట్టే లెక్క అని కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వొచ్చు, 9వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది. మీ అబ్బాయి పోస్టింగు ఎక్కడో, అది ఏ లెక్కలోకి వస్తుందో వాణ్ణే అడిగి తెలుసుకోండి.

ఇవన్నీ పైహద్దులు. పది రోజులు ఆలస్యంగా వచ్చినవాడికి మూడేళ్లు వేయరు. వాణ్ణి సీఓ ముందు నిలబెడతారు. సీఓ తన స్థాయిలోనే తేల్చేస్తే 28 రోజుల దాకా కస్టడీ వేయొచ్చు. రాని రోజులకి జీతం పోతుంది. రికార్డులో రెడ్ ఇంక్ ఎంట్రీ పడొచ్చు. అది ప్రమోషన్‌కి అడ్డమే, అలాంటివి నాలుగు పోగైతే ఉద్యోగానికే ముప్పు. కానీ ఒక్కటి పడ్డంత మాత్రాన బతుకు ఆగిపోదు. ఒక ఎర్ర ఎంట్రీ పడ్డాక కూడా బాగా పనిచేసి హవల్దారు అయినవాళ్లని నేను చూశాను.

ఇక ఆ 30 రోజుల సంగతి. అది ఎక్కడి నుంచి వచ్చిందంటే 106వ సెక్షన్ నుంచి. మనిషి 30 రోజులు రాకపోతే యూనిట్లో కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది. ఆ మనిషి లేకుండానే జరుగుతుంది. ఎప్పటి నుంచి రాలేదు, ప్రభుత్వ సామాను ఏం తగ్గింది, అని లెక్క చూస్తారు. రైఫిలు మొదలుకుని బట్టల దాకా. దాన్ని పుస్తకంలో రాస్తారు. ఆ తర్వాత కూడా అతను వచ్చి లొంగకపోయినా, దొరక్కపోయినా అతన్ని పారిపోయినవాడిగా పరిగణిస్తారు. "పరిగణిస్తారు" అన్న మాట గట్టిగా పట్టుకోండి. అది శిక్ష కాదు, తీర్పు కాదు. అతను వచ్చాక 38 కింద కేసు పెట్టాలంటే ఉద్దేశం ఏంటో మళ్లీ రుజువు కావాల్సిందే. 30వ రోజు రాత్రి పన్నెండు గంటలకి గేటు మూసేయరు. 31వ రోజు వెళ్లినవాడూ, 45వ రోజు వెళ్లినవాడూ గైర్హాజరు కిందే తేలొచ్చు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఒకటుంది. ఇది అమెరికాది, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. ఎడ్డీ స్లోవిక్ అని ఒక సిపాయి. 1944 అక్టోబరులో బెల్జియంలో యూనిట్ వదిలి వెళ్లాడు. మర్నాడే తనంతట తాను వచ్చేశాడు! కానీ వస్తూ ఒక కాగితం రాసి ఇచ్చాడు. మళ్లీ ఫ్రంటుకి పంపితే మళ్లీ పారిపోతాను అని. ఆ కాగితం వెనక్కి తీసుకో, చింపేసుకో అని ఆఫీసర్లు అవకాశమిచ్చారు. తీసుకోలేదు. 1945 జనవరి 31న కాల్చి చంపారు. ఆ యుద్ధంలో డిజర్షన్‌కి మరణశిక్ష పడిన అమెరికా సైనికులు 49 మంది, అమలైంది ఒక్క అతనికే. ఆసారి కాకుండా పోయింది ఎన్ని రోజులు? దాదాపు ఒక్క రోజు. రోజుల లెక్క ఎంత చిన్నదో, ఉద్దేశం లెక్క ఎంత పెద్దదో చూడండి. (ఆ శిక్ష న్యాయమా అంటే నా మనసు ఒప్పుకోదు. అది వేరే మాట.)

మరి మనిషి మనసులో ఉద్దేశం ఎవరికి కనపడుతుంది? ఎవరికీ కనపడదు. అందుకే చుట్టూ ఉన్న గుర్తులు చూస్తారు. ఫోన్ ఆపేశాడా? యూనిట్ రాసిన ఉత్తరానికి జవాబిచ్చాడా? ఇంకో చోట ఉద్యోగంలో చేరాడా? ఐడీ కార్డు ఉందా, పారేశాడా? వాడే వచ్చాడా, పోలీసులు పట్టుకొచ్చారా?

మనవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. ఒక సంగతి చెప్తాను, ఊరూ పేరూ రాయను. కిందటేడు మా దగ్గర్లో ఒక కుర్రాడు నెల సెలవుకి వచ్చాడు. తండ్రి బోరు దగ్గర జారిపడి కాలు విరిగింది. ఆకుమడి ముదిరిపోతోంది, నాట్లకి మనుషుల్లేరు. సెలవు అయిపోయింది. వాడు వెళ్తానన్నాడు. మేనమామ ఆపాడు, "నాలుగు రోజులకి ఏం కాదురా, నేను చూసుకుంటా" అని. యూనిట్ నుంచి ఫోనొచ్చింది. మేనమామే ఎత్తి, "ఇంటికే రాలేదండీ, ఎటెళ్లాడో మాకే తెలీదు, మేమూ వెతుకుతున్నాం" అన్నాడు. మేనల్లుణ్ణి కాపాడాననుకున్నాడు పాపం. ఆ ఒక్క అబద్ధంతో జరిగిందేంటి? కాలు విరిగిన తండ్రి, మడిలో నాటు, ఆస్పత్రి కాగితాలు, ఇవన్నీ వాడి పక్షాన ఉన్న సాక్ష్యాలు. అవన్నీ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి. యూనిట్ దృష్టిలో వాడు ఇంటికి కూడా రాకుండా మాయమైన మనిషి అయ్యాడు. అంటే పెట్టె సర్దుకున్న పాలేరు.

తర్వాత భయం. భయంతో ఫోను మార్చారు. వాణ్ణి వాళ్ల పెద్దమ్మ ఊరికి పంపారు. అక్కడ ఊరికే ఎందుకని హార్వెస్టర్ మీద డ్రైవరుగా ఎక్కించారు. చూశారా, ఒక్కో అడుగూ వాడి మీదే సాక్ష్యంగా ఎలా పేరుకుంటోందో! ఇంటివాళ్లు ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఆ కుర్రాడికి సైన్యం వదిలే ఆలోచనే లేదు, యూనిఫాం ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టుకున్నాడు.

ఈలోపు యూనిట్ నుంచి అప్రిహెన్షన్ రోల్ జిల్లా పోలీసులకి వచ్చింది. అలాంటి మనిషిని పోలీసులు వారెంటు లేకుండానే పట్టుకోవచ్చు, 105వ సెక్షన్ అదే చెప్తోంది. కానిస్టేబుల్ ఇంటికొచ్చి అడిగి వెళ్లాక ఆ తండ్రి కర్ర పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను చెప్పింది ఒక్కటే. పోలీసులు తీసుకెళ్లేలోపు వాడే వెళ్లాలి. ఈ రెండింటి మధ్య తేడాయే వాడి ఉద్యోగం. వాడి చేతే యూనిట్‌కి ఫోన్ చేయించాం. జరిగింది జరిగినట్టు ఉత్తరం రాయించాం, మేనమామ అబద్ధంతో సహా. తండ్రి ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం, సర్పంచి రాసిచ్చిన ఉత్తరం, అన్నీ జిరాక్సులు తీసి స్పీడ్‌పోస్టులో ఒక కట్ట పంపి, ఇంకో కట్ట వాడి చేతికిచ్చాం. 47 రోజులు ఆలస్యంగా వెళ్లాడు. వెళ్లగానే క్వార్టర్ గార్డులో కూర్చోబెట్టారు. సీఓ ముందు మార్చ్ చేయించారు. 39 కిందే తేల్చారు. 14 రోజులు పడింది, జీతం కోత పడింది, ఎర్ర ఎంట్రీ పడింది. ఇప్పుడు డ్యూటీలో ఉన్నాడు. మొన్న దసరాకి సెలవు కూడా వచ్చింది.

అందరి కథా ఇలా అవదు. ఇంకొకాయన ఉన్నాడు, ఆరేళ్లయింది. ఇలాగే చిన్నగా మొదలై, ఇప్పుడు ఎక్కడో పట్నంలో వాచ్‌మన్‌గా బతుకుతున్నాడు. డిశ్చార్జి బుక్కు లేదు, పెన్షన్ లేదు, చేసిన తొమ్మిదేళ్ల సర్వీసుకి కాగితం ముక్క లేదు. తండ్రి పోతే రాత్రిపూట వచ్చి, చీకటి ఉండగానే దహనం ముగించుకుని వెళ్లిపోయాడు. పెద్దకర్మకి రాలేదు. "వాళ్లే మర్చిపోతారు" అనేవాళ్లు ఒకసారి ఆ ఇంటికెళ్లి ఆ తల్లిని పలకరించి రండి.

మర్చిపోవడం గురించి చట్టం ఏమంటుందో కూడా వినండి. ఆర్మీ యాక్టులో చాలా నేరాలకి మూడేళ్లు దాటితే కేసు నడపకూడదన్న గడువుంది, 122వ సెక్షన్. గైర్హాజరుకి ఆ గడువు వర్తిస్తుంది. డిజర్షన్‌కి వర్తించదు. పదేళ్ల తర్వాతైనా పిలిచి నిలబెట్టొచ్చు. మామూలు చోటు నుంచి పోయినవాణ్ణి మూడేళ్లు చూసి, యాక్టివ్ సర్వీసు నుంచి గానీ ఆయుధంతో గానీ పోయినవాణ్ణి పదేళ్లు చూసి డిస్మిస్ చేసే పద్ధతి ఉంది. డిస్మిస్ అయితే పెన్షన్ ఆశ వదులుకోవాల్సిందే. అదే సెక్షన్‌లో ఎవరూ చెప్పుకోని ఒక దయగల మాట కూడా ఉంది. యాక్టివ్ సర్వీసులో కాకుండా పారిపోయిన సిపాయి, తర్వాత తిరిగొచ్చి మూడేళ్లు ఏ మచ్చా లేకుండా, మెచ్చుకునేలా సర్వీసు చేస్తే ఆ పాత డిజర్షన్ మీద ఇక కేసు నడపకూడదు. అంటే తిరిగి వచ్చినవాడికి చట్టమే దారి వదిలిపెట్టింది. దాక్కున్నవాడికి మాత్రం వదల్లేదు.

వ్యవసాయానికీ ఈ సంగతికీ సంబంధం కొత్తదేం కాదు. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో వాళ్లలో వాళ్లకి యుద్ధం జరిగింది కదా. అప్పటి సిపాయిల్లో చాలామంది చిన్న రైతులే. ఇంటి దగ్గర్నుంచి భార్య ఉత్తరం రాసేది, పొలం బీడు పడింది, పిల్లలకి తిండి లేదు అని. చెప్పకుండా ఇంటికెళ్లి విత్తనాలేసో, కోత కోసో మళ్లీ వచ్చినవాళ్లు ఎందరో. 1863 మార్చి 10న లింకన్ ఒక ప్రకటన ఇచ్చాడు. సెలవు లేకుండా వెళ్లినవాళ్లు ఏప్రిల్ 1 లోపు వచ్చి రిపోర్ట్ చేస్తే రాని రోజుల జీతం తప్ప వేరే శిక్ష ఉండదు, రానివాళ్లని పారిపోయినవాళ్ల కింద పట్టుకుంటాం అని. అంత యుద్ధంలోనూ గీత గీసింది అక్కడే చూడండి, వెనక్కి వస్తావా, రావా అని.

ఇక ఇంటివాళ్ల మీద పడే సంగతి. పారిపోయిన సైనికుడని తెలిసి ఆశ్రయమిస్తే అది నేరం. పాత ఐపీసీలో 136, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 164. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో భార్యకి మినహాయింపు, కొత్త దాంట్లో భార్యకైనా భర్తకైనా మినహాయింపు. అమ్మకి లేదు. మేనమామకి లేదు. బావమరిదికి లేదు. అన్నదమ్ములిద్దరూ మిలటరీలో ఉన్న ఇళ్లు ఇంకా జాగ్రత్త. ఆర్మీ యాక్టు కిందకొచ్చే మనిషి ఇంకో పారిపోయినవాణ్ణి దాస్తే అతనికీ ఏడేళ్ల దాకా ఉంది. తెలిసీ వెంటనే చెప్పకపోతే రెండేళ్లు.

సెలవు నిజంగా పొడిగించాల్సి వస్తే ఏం చేయాలి? సెలవు ముగియకముందే అడగాలి, ముగిశాక కాదు. మా రోజుల్లో "మదర్ సీరియస్" అని టెలిగ్రాం కొట్టేవాళ్లు. ఎంతమంది కొట్టారంటే, నిజంగా తల్లి ప్రాణం మీదికొచ్చినా యూనిట్లో నవ్వేవాళ్లు. 2013లో టెలిగ్రామే ఆగిపోయింది, మంచిదే అయింది. ఇప్పుడు కంపెనీ కమాండర్‌కో సుబేదార్ సాబ్‌కో ఫోన్, దాంతోపాటు రాతపూర్వకంగా స్పీడ్‌పోస్టు. రసీదు జాగ్రత్త. ఫోన్‌లో "సరే ఉండు" అన్నారని ఊరుకుంటే రేపు ఆ మాటకి సాక్ష్యం ఉండదు. పిల్లాడికే ఒంట్లో బాగోకపోతే వీధి చివర డాక్టరు సర్టిఫికెట్ పనికిరాదు. దగ్గర్లోని మిలటరీ ఆస్పత్రికి తీసుకెళ్లండి. సికింద్రాబాద్‌లో ఉంది, విశాఖలో నేవీ వాళ్ల కల్యాణి ఉంది. కదల్లేని స్థితైతే ప్రభుత్వాస్పత్రిలో చేర్చి ఆ కాగితం వెంటనే యూనిట్‌కి పంపండి. 39వ సెక్షన్‌లో గడువు దాటడం గురించి రాసినచోట "తగిన కారణం లేకుండా" అన్న మాట ఉంది. ఆ కారణం మన నోట్లో ఉంటే చాలదు, కాగితం మీద ఉండాలి. నాట్లు, కోతలు తగిన కారణమా అంటే, కాదనే చెప్తారు. మనకి కష్టంగా ఉంటుంది వినడానికి. కూలీలు దొరకని రోజుల్లో ఇంకా కష్టంగా ఉంటుంది. అయినా ఆ పని మన ఊరివాళ్లం నలుగురం కలిసి చేసిపెట్టొచ్చు, వాడి డ్యూటీ మనం చేయలేం.

భూమి తగాదా వల్ల ఆగిపోయేవాళ్లూ ఉన్నారు, గట్టు జరిపాడనో, దారి మూశాడనో. వాళ్లు ఈ సంగతి తెలుసుకోండి. 32వ సెక్షన్ కింద, కేసు కోసం సెలవు ఇచ్చినట్టు మిలటరీ అధికారి సర్టిఫికెట్ తెచ్చి దరఖాస్తు పెడితే, వీలైనంత వరకు ఆ సెలవులోపే వాదనలు విని తేల్చేలా కోర్టు చూడాలి. ఈ హక్కు వాడుకున్నవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడగండి, అది ఉన్నదే ఇలాంటివాటికి.

అగ్నివీర్ పిల్లలకి ఏడాదికి 30 రోజులే సెలవు, నాలుగేళ్లే సర్వీసు. వాళ్లకీ ఇదే ఆర్మీ యాక్టు. నాలుగేళ్ల చివర రెగ్యులర్‌కి తీసుకునేటప్పుడు రికార్డు చూస్తారు కాబట్టి, ఆ పిల్లల్ని "ఇంకో వారం ఉండు" అని అస్సలు అనకండి.

ఇప్పటికే గడువు దాటి ఇంట్లో కూర్చున్న కుర్రాడు ఎవరైనా ఈ పోస్టు చదువుతుంటే, తమ్ముడూ, సొంత యూనిట్‌కే వెళ్లడం అన్నిటికన్నా మంచిది. అంతదూరం పోలేకపోతే నీ రెజిమెంటల్ సెంటర్‌కి వెళ్లు. ఆర్టిలరీ వాళ్లకి గోల్కొండలో, ఈఎంఈ, ఏఓసీ వాళ్లకి సికింద్రాబాద్‌లో, మద్రాస్ రెజిమెంట్ వాళ్లకి నీలగిరిలో వెల్లింగ్టన్‌లో ఉంది. అదీ కుదరకపోతే దగ్గర్లో ఏ మిలటరీ స్టేషన్ ఉంటే అక్కడి గేటు దగ్గర పేరు, నంబరు చెప్పి లొంగిపో. ఐడీ కార్డు, లీవు సర్టిఫికెట్, ఉన్న కాగితాలన్నీ పట్టుకెళ్లు. ఏ తేదీన, ఏ టైముకి రిపోర్ట్ చేశావో రాయించుకో. ఎక్కడా అబద్ధం ఆడకు. తర్వాత శిక్ష మరీ అన్యాయంగా అనిపిస్తే 2007 చట్టం కింద పెట్టిన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, కానీ అది వెళ్లి నిలబడ్డవాడికే పనికొస్తుంది.

ఇంకేమైనా అడగాలంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి. పిల్లాడి పేరు, యూనిట్ పేరు, పోస్టింగు ఎక్కడో మాత్రం ఇక్కడ నలుగురిలో రాయకండి.